పంచర్ పడదని ట్యూబ్‌లెస్ వేయించుకోకండి

పోయిన వారం మా సైకిల్ గ్రూపు వాట్సాప్‌లో ఒక కుర్రాడు అడిగాడు. "అన్నయ్యా, కొత్త ఎమ్‌టీబీ (కొండదారుల సైకిల్) తీసుకుంటన్నాను. షాపులో ట్యూబ్‌లెస్ చేయించీమంటన్నారు. ఒకసారి చేయిస్తే ఇంక పంచర్ గొడవే ఉండదంట, నిజమేనా?" అడగడమే ఆలస్యం, జవాబులు వచ్చి పడ్డాయి. చేయించెయ్ అని సగం మంది, డబ్బు దండగ అని సగం మంది, మధ్యలో ఎవరో పెట్టిన గుడ్ మార్నింగ్ పువ్వులు. నేనూ రెండు లైన్లు టైపు చేసి చెరిపేశాను. రెండు లైన్లలో తేలే విషయం కాదిది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన వైజాగ్ చుట్టుపక్కల కొండల మీద, మట్టి దారుల్లో తొక్కేవాళ్ళకి ట్యూబ్‌లెస్ చాలా మంచిది. కానీ చక్రం విప్పి, టేపు చుట్టి, రెండు మూడు నెలలకోసారి లోపల ఏముందో చూసుకునే ఓపిక లేనివాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు. షాపులో చేయించుకుని మర్చిపోదాం అనుకునేవాళ్ళకి మామూలు ట్యూబే సుఖం. ఈ మాట కాస్త పెడసరంగా వినిపిస్తుందని తెలుసు. డబ్బు పెట్టి కొనుక్కునే వస్తువుకి మళ్ళీ ఈ అర్హత పరీక్ష ఏమిటని మా గ్రూపులోనే ఒకాయన నన్ను దులిపేశాడు కూడా. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

స్కూటర్ టైరు వేరు, ఇది వేరు

ట్యూబ్‌లెస్ అనగానే మనకి గుర్తొచ్చేది స్కూటర్లు, మోటార్ సైకిళ్ళు. ఆ టైరు లోపల గాలిని బయటికి పోనివ్వని రబ్బరు పొర ఉంటుంది. అలాయ్ వీల్ పోత పోసిన ముక్క, స్పోకు కన్నాలుండవు. టైరు ఎక్కించి గాలి కొడితే పని అయిపోయింది. మేకు దిగినా గాలి మెల్లగా దిగుతుంది, పంచర్ షాపాయన మేకు లాగి రబ్బరు స్ట్రిప్పు దూర్చి పంపించేస్తాడు. ఈ సుఖం అలవాటైన మనం సైకిల్‌కీ అంతే అనుకుంటాం. షాపువాళ్ళు కూడా ఆ నమ్మకాన్ని చెడగొట్టరు, ఎందుకు చెడగొడతారు?

నిజానికి సైకిల్‌లో కూడా మొదట అలాంటిదే చేద్దామనుకున్నారు. 1999లో మావిక్ కంపెనీ మిషెలిన్, హచిన్సన్‌లతో కలిసి యూఎస్‌టీ అనే పద్ధతి తెచ్చింది. రిమ్ము పై గోడకి స్పోకు కన్నాలే లేవు, టైరు లోపల గాలి ఆపే మందపాటి పొర, సీలెంటు (కన్నాలు మూసే ద్రవం) పోయకపోయినా గాలి నిలిచేది. కాకపోతే ఆ టైర్లు బరువు, ఖరీదు, దొరికే రకాలూ తక్కువ. తర్వాత 2001లో అమెరికాలో స్టాన్ కోజియాటెక్ అనే ఆయన స్టాన్స్ నోట్యూబ్స్ పెట్టి, మామూలు రిమ్ముకి టేపు చుట్టి, లోపల రబ్బరు పాలతో చేసిన సీలెంటు పోస్తే తేలికపాటి టైరుతోనే గాలి ఆపొచ్చని చూపించాడు. మార్కెట్ అంతా మెల్లగా అటే తిరిగింది. ఈ రోజు మనం కొనే ట్యూబ్‌లెస్ రెడీ రిమ్ములు, టైర్లు చాలావరకు ఈ దారిలో వచ్చినవే.

అంటే ఫ్యాక్టరీలో జరగాల్సిన పనిలో కొంత మన ఇంటికి పంపించారన్నమాట. రిమ్ముకి కన్నాలుంటాయి, మూయాల్సింది మనం. టైరు పక్క గోడ పలచన, దానిలోంచి చెమ్మగిల్లినట్టు గాలి పోతుంది, దాన్ని ఆపేది సీలెంటు, అది ఎండిపోతే మళ్ళీ పోయాల్సిందీ మనమే. దీనికి బదులుగా బరువు తగ్గింది, టైర్లలో బోలెడన్ని రకాలు వచ్చాయి. మంచి బేరమే. కానీ ఆ బేరంలో మన వాటా పని ఏమిటో షాపులో బిల్లు కొట్టేటప్పుడు ఎవరూ చెప్పరు.

పల్లేరు కాయలూ, ఖొండలైట్ రాళ్ళూ

మరి ఇంత గొడవ ఎందుకు పడాలి? భీమిలి దాటి లోపలికి, జీడితోటల మధ్య మట్టి దారుల్లో ఒక్కసారి తొక్కి చూడండి, తెలుస్తుంది. నేల మీద పాకే ఒక మొక్క ఉంటుంది, చిన్న చిన్న పసుపు పూలు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దాని కాయ ఎండి రాలి ఎలా పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. పల్లేరు కాయ. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగినవాళ్ళకి పరిచయం చేయక్కర్లేదు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో కొండ సైకిళ్ళవాళ్ళు గోట్‌హెడ్ అని తిట్టుకునే ముల్లు కూడా ఇదే, ఒకే మొక్క, ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. అక్కడివాళ్ళు ట్యూబ్‌లెస్‌ని అంతలా మెచ్చుకోవడానికి ఈ ముల్లు ఒక పెద్ద కారణం. దీనికి తోడు మనకి తుమ్మ ముల్లు. ట్యూబు ఉన్న టైరుతో వెళ్తే ఒక్కో ఆదివారం తొక్కిన సేపు కంటే ప్యాచులు వేసుకున్న సేపే ఎక్కువవుతుంది. సీలెంటు ఉన్న టైరులో ఈ ముళ్ళు చేసే కన్నం అసలు లెక్కలోకే రాదు. ముల్లు లాగిన చోట తెల్లటి చుక్క ఒకటి పైకి వచ్చి, చక్రం రెండు చుట్లు తిరిగేసరికి ఆరిపోతుంది.

(భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం సైకిళ్ళు తీసుకెళ్ళకండి. వేల ఏళ్ళుగా గాలీ నీరూ కలిసి పేర్చిన మెత్తటి మట్టి అది. మన టైరు గాడి పడిన చోటే వానాకాలం నీళ్ళు దారి చేసుకుంటాయి. చుట్టూ ఇంత ఊరుంది కదా తొక్కడానికి.)

రెండో కారణం రాయి. మన కొండలు చాలావరకు ఖొండలైట్ అనే రాయి. పైన బూడిదలా పొడిపొడిగా రాలుతుంది, లోపలి ముక్క మాత్రం అంచులు పదునుగా తేలుతుంది. గాలి తక్కువున్న టైరు అలాంటి రాయి అంచుని కొడితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు కన్నాలు పడతాయి. అందుకే ట్యూబువాళ్ళు గాలి గట్టిగా కొడతారు. గట్టిగా కొడితే కంకర మీద టైరు పట్టు వదిలేస్తుంది. ట్యూబు తీసేస్తే నలగడానికి ఏమీ లేదు కాబట్టి గాలి తగ్గించుకోవచ్చు. డెబ్భై కిలోల మనిషి, 2.3 అంగుళాల టైరు అనుకుంటే ట్యూబుతో 30, 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర తొక్కేవాడు ట్యూబ్‌లెస్‌లో ముందు చక్రం 21, 22, వెనక చక్రం 24, 25 దగ్గర హాయిగా తొక్కుతాడు. నన్నడిగితే అసలు లాభం ఇదే. పంచర్ల సంగతి కొసరు.

కానీ ఈ లాభం మన దగ్గర ఎంతమంది తీసుకుంటున్నారు? మనకి గాలి చూడటమంటే బొటనవేలితో నొక్కడమే. రాయిలా ఉంటే గాలి ఉన్నట్టు, కాస్త లోపలికి పోతే లేనట్టు. మా అపార్టుమెంట్ వాచ్‌మన్ నా టైరు నొక్కి చూసి "గాలి దిగిపోనాది బాబూ" అని ఎప్పుడూ జాలిపడుతూనే ఉంటాడు. మా గ్రూపులో ఒకాయన వేలకి వేలు పోసి ట్యూబ్‌లెస్ చేయించుకుని 45 పీఎస్ఐ కొట్టుకుని తొక్కుతాడు. టైరు మెత్తగా ఉంటే ఆయనకి టెన్షన్. ఆ గాలితో కంకర మీద బంతిలా ఎగురుతూ, ట్యూబ్‌లెస్‌లో పెద్ద తేడా ఏమీ లేదండీ అని నలుగురికీ చెబుతుంటాడు. ఆయన చెప్పేది అబద్ధం కాదు, ఆయనకి నిజంగానే తేడా లేదు.

కొసరు ఇంకోటి కూడా చెప్పాలి. గాలి మరీ తగ్గిస్తే ట్యూబు నలగదు గానీ రిమ్ము సొట్టపోతుంది. మలుపులో టైరు అంచు ఒక్క క్షణం రిమ్ము వదిలి బుస్సుమని గాలి వదిలేస్తుంది. అందుకని అంకెలు కనిపించే చిన్న గేజీ ఒకటి కొనుక్కుని, తొక్కే ప్రతిసారీ చూసుకోవాలి. బొటనవేలికి 20కీ 26కీ తేడా తెలియదు.

టేపు దగ్గరే ఉంది అంతా

ట్యూబ్‌లెస్ చేయడం గురించి వీడియోలు బోలెడున్నాయి కాబట్టి మొత్తం చెప్పను. టేపు గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన గాలి దిగిపోయే కేసుల్లో ఎక్కువ భాగం టేపు దగ్గరే తేలాయి, జనం మాత్రం టైరునీ సీలెంటునీ తిడుతుంటారు.

రిమ్ము మీద 622×25 అని రాసి ఉంటే 622 అనేది టైరు అంచు కూర్చునే చోట వ్యాసం, అంటే 29 అంగుళాల చక్రం. 25 లోపలి వెడల్పు. టేపు దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, నడిమి గాడిలోకి దిగి మళ్ళీ రెండు పక్కలా పైకి ఎక్కి, టైరు అంచు కింద దాకా రావాలి కాబట్టి. ముందుగా ఉన్న రబ్బరు పట్టీ తీసేసి, మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో రిమ్ము తుడవాలి. మన ఊళ్ళో ఇక్కడే పెద్ద చిక్కు. ఉక్కపోతలో ఒంగుని పనిచేస్తుంటే గడ్డం మీంచి చెమట చుక్క పడుతుంది, అది పడినచోట టేపు అంటదు, అంటినట్టే ఉండి నెల తర్వాత లేస్తుంది. ఫ్యాను కింద కూర్చుని, మెడలో తువ్వాలు వేసుకుని చేయాల్సిన పని ఇది.

వాల్వు కన్నానికి అరచెయ్యి దూరంలో మొదలుపెట్టి, గట్టిగా లాగిపట్టి, ప్రతి జానెడుకీ బొటనవేళ్ళతో గాడిలోకి నొక్కుకుంటూ చుట్టూ వచ్చి, వాల్వు కన్నం దాటి అవతల ఇంకో అరచెయ్యి దాకా పోవాలి. వాల్వు దగ్గర రెండు పొరలు పడాలన్నమాట. తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. లోపల మామూలు ట్యూబు పెట్టి, టైరు ఎక్కించి, గాలి కొట్టి ఒక రాత్రి ఉంచాలి. ఆ ఒత్తిడికి టేపు రిమ్ముకి పూర్తిగా అతుక్కుంటుంది, కింద బుడగలుంటే చదునైపోతాయి. పొద్దున్న ట్యూబు తీసేటప్పుడు టైరు ఒక పక్క అంచు కదపకుండా ఉంచేస్తే, తర్వాత గాలి కొట్టేటప్పుడు సగం పని తగ్గుతుంది. వాల్వు కన్నం బ్లేడుతో కోయకండి, కోసిన గీత సాగుతూ పోతుంది. సన్నటి చువ్వ కాల్చి గుచ్చితే కన్నం అంచు కరిగి గట్టిపడుతుంది.

ఈ రాత్రంతా ఉంచడం అనేది షాపులో కుదిరే పనేనా? శనివారం సాయంత్రం, ఆదివారం రైడుకి బళ్ళన్నీ కావాలి, వరసగా అరడజను సైకిళ్ళు స్టాండుకి వేలాడుతున్నాయి. మెకానిక్ కుర్రాడు నా కళ్ళ ముందే ఒక చక్రానికి టేపు గబగబా చుట్టేశాడు, తుడవలేదు, నొక్కలేదు. పేరు చెప్పను, అది మంచి షాపే, కుర్రాడు పనిమంతుడే, అతనికి లేనిది టైము. ఆ చక్రం నా స్నేహితుడిది. కొన్నాళ్ళకి దాని నిప్పిల్స్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) చుట్టూ తెల్లటి చార కనిపించింది. సీలెంటు టేపు కిందికి దూరి రిమ్ములోంచి బయటికొస్తోందని అర్థం. కొన్ని సీలెంట్లలో అమ్మోనియా ఉంటుంది, దానికి మన సముద్రపు గాలి తోడైతే అల్యూమినియం నిప్పిల్స్ తెల్లగా పొడి కట్టి తిప్పితే తిరగవు, బలవంతం చేస్తే విరుగుతాయి. బీచ్ దగ్గర ఉండేవాళ్ళు చక్రం కట్టించుకుంటే ఇత్తడి నిప్పిల్స్ అడగండి.

ఇంకో మాట, తక్కువ ధర సైకిళ్ళ రిమ్ములన్నీ దీనికి పనికిరావు. రెండు కొసలూ లోపల ముక్క పెట్టి కలిపిన రిమ్ము అయితే ఆ అతుకు దగ్గర్నుంచి గాలి పోయే అవకాశం ఉంది. ఒంటి గోడ రిమ్ము అయితే అసలు ఆలోచించొద్దు. టైరు మీదా రిమ్ము మీదా ట్యూబ్‌లెస్ రెడీ అని రాసి లేకపోతే, అవుతుందండీ మేం చేస్తాం అని ఎవరన్నా ఒప్పుకోకండి.

"పాలు పోస్తన్నారేటి బాబూ"

గాలి కొట్టడం సంగతి. మంచి ఫ్లోర్ పంపు ఉంటే చాలా టైర్లు ఇంట్లోనే కూర్చుంటాయి. వాల్వు లోపల గాలి ఆపే చిన్న ముక్క, అంటే కోరు, తీసేస్తే గాలి ఒక్కసారిగా దూరుతుంది, అంచులకి సబ్బునీళ్ళు రాస్తే జారుతుంది. కొన్ని మొండి టైర్లు మాత్రం ఎంత కొట్టినా పక్కల్నుంచి వదిలేస్తూనే ఉంటాయి. అలాంటి ఒకదాన్ని పట్టుకుని మా ఇంటి దగ్గర పంచర్ షాపుకి వెళ్ళాను. స్కూటర్లూ ఆటోలూ చూసే షాపు. నేను టైరులోకి సీలెంటు వంచుతుంటే ఆ పెద్దాయన బీడీ పక్కన పెట్టి వచ్చి చూశాడు.

"ఏటి బాబూ ఇది, సైకిల్‌కి పాలు పోస్తన్నారేటి?"

"ట్యూబ్ లేదు బాబాయ్ దీనికి, ఇదే పంచర్ కాస్తాది" అన్నాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు గానీ కంప్రెసర్ ఆన్ చేశాడు. సైకిల్‌కి ఉండే సన్నటి ప్రెస్టా వాల్వుకి ఆయన దగ్గరున్న పిడి పట్టదు. నా దగ్గర ఇత్తడి అడాప్టర్ ఉంది గానీ కోరు తీసేశాక దానికి పట్టుకునే మర ఉండదు. దుమ్ము ఊదే గన్ను ముక్కు తెచ్చి నేరుగా వాల్వు మూతి మీద ఆనించి, చుట్టూ వేళ్ళతో మూసి, ఒక్క నొక్కు నొక్కాడు. టప్, టప్. టైరు అంచు రిమ్ములో కూర్చున్న చప్పుడు. వెంటనే వదిలేశాడు, కంప్రెసర్‌లో ఉండే ఒత్తిడికి సైకిల్ టైరు ఎంతసేపో ఆగదని ఆయనకి చెప్పక్కర్లేకపోయింది. ఇంక అయిపోయిందని నేను లేస్తుంటే ఆయన చక్రం తిప్పుతూ రిమ్ముకి పక్కన టైరు మీద ఉండే సన్నటి గీతని వేలితో తడుముకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు. "ఇక్కడ దిగిపోయుంది సూడండి. లారీ టైరుకీ ఇలాగే అవుద్ది." నిజమే, ఆ చోట గీత రిమ్ములోకి మునిగిపోయి ఉంది. గాలి తీసి, అక్కడ మళ్ళీ సబ్బునీళ్ళు రాసి, మళ్ళీ కొట్టాడు. ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం పడుతున్నాను. సొంత చేత్తో చేసుకోవాలని ఇంత చెప్పి, టైరు కూర్చోబెట్టడానికి పంచర్ షాపుకే వెళ్ళాను. పైగా ఆయన సైకిల్ ట్యూబ్‌లెస్ ఎప్పుడూ చూడకపోయినా, టైరు అంచు గురించి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. అంటే పని తెలిసినవాళ్ళు మన ఊళ్ళో లేరని నేననడం లేదు. లోపల ఏ టేపు ఉందో, ఎప్పుడు పోసిన సీలెంటో, ఎంత మిగిలిందో సైకిల్ తొక్కేవాడికి తెలిసి ఉండాలి అంటున్నాను. అది తెలిస్తే చేతులు ఎవరివైనా ఫరవాలేదు.

ఎండాకాలం లెక్క వేరు

సీలెంటు రెండు నుంచి ఆరు నెలలు ఉంటుందని తయారీదారులు చెబుతారు, వేడి ఎక్కువైతే ఇంకా తక్కువని కూడా వాళ్ళే చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో పడమటి బాల్కనీలో పెట్టిన సైకిల్‌కి ఆ ఆరు నెలల లెక్క వర్తించదు. అందులో నీటి శాతం టైరు గోడలోంచి మెల్లగా ఆవిరైపోతుంది, మిగిలేది లోపల గోడకి అంటుకున్న రబ్బరు పొర, ఇంకా అక్కడక్కడ ఉండలు. గాలి మాత్రం బాగానే నిలుస్తుంది, ఎందుకంటే టైరు కన్నాలన్నీ ఆ పొర అప్పటికే మూసేసింది. అందుకే సీలెంటు అయిపోయిందని ఎవరికీ తెలియదు, కొత్త ముల్లు దిగేదాకా.

చూడటం తేలిక. చక్రం తీసి చెవి దగ్గర ఊపితే గళగళమనాలి. నమ్మకం కుదరకపోతే కోరు తీసి, వాల్వు కిందికి వచ్చేలా తిప్పి కాసేపు ఆగి, సన్నటి కేబుల్ టై దూర్చి తీస్తే ఎంత మేర తడిసిందో కనబడుతుంది. పోయడానికి మెడికల్ షాపులో 60 మిల్లీలీటర్ల సిరంజి, దానికి జానెడు రబ్బరు గొట్టం చాలు. 29 అంగుళాల 2.3 టైరుకి మొదటిసారి 90 నుంచి 120 మిల్లీలీటర్లు, తర్వాత చూసినప్పుడల్లా తగ్గిన మేరకి ఒక 50, 60. పోసే ముందు సీసా బాగా కుదపాలి, కన్నాలు మూసే నలకలన్నీ అడుగున పేరుకుని ఉంటాయి, కుదపకుండా పోస్తే పైన తేరిన నీళ్ళే పోసినట్టు. ఏడాదికోసారి టైరు విప్పి ఆ ఉండలు తీసి పారేస్తే బరువు తగ్గుతుంది. గాలి నింపడానికి కార్బన్ డయాక్సైడ్ బుడ్లు వాడేవాళ్ళు సీలెంటు సీసా మీద ఏం రాశారో చదవండి, రబ్బరు పాల రకాల్లో కొన్ని ఆ గ్యాసుకి పాలు విరిగినట్టు విరుగుతాయి. దారిలో తప్పనిసరై వాడితే ఇంటికొచ్చాక మామూలు గాలి నింపుకుని, లోపల ఏమైందో చూసుకోవాలి.

జీడితోటలో జరిగింది

ట్యూబ్‌లెస్ వద్దనేవాళ్ళ వాదనల్లో నాకు గట్టిగా తగిలేది ఒకటుంది. ట్యూబుకి మన దేశంలో ఊరూరా దిక్కుంది. అనంతగిరి ఘాట్ దిగువన ఏ చిన్న ఊళ్ళో ఆగినా ఒక తొట్టెలో నీళ్ళు, ఒక సొల్యూషన్ ట్యూబు, గోడకి వేలాడే పాత టైర్లు ఉన్న షాపు దొరుకుతుంది. పది నిమిషాల్లో ప్యాచ్ వేసి పంపిస్తారు. ట్యూబ్‌లెస్‌కి మారడమంటే ఆ దిక్కుని వదులుకుని, మన సంచిలో ఉన్నదాని మీదే ఆధారపడటం. ఇది చిన్న విషయం కాదు. దీనికి నా దగ్గర ఉన్న జవాబు కూడా సగం జవాబే: ట్యూబ్‌లెస్ తొక్కినా సంచిలో ఒక ట్యూబు ఉండాల్సిందే.

ఆ ట్యూబు ఉన్నంత మాత్రాన సరిపోదని ఒక ఎండాకాలం ఉదయం తెలిసొచ్చింది. మా గ్రూపులో బ్యాంకు ఉద్యోగి ఒకాయన, షాపులో ట్యూబ్‌లెస్ చేయించుకున్నారు. నెలల తరబడి ఒక్క పంచర్ లేదు, అందరికీ చెప్పి మరీ మురిసిపోయేవారు. భీమిలి అవతల తోటల్లో ఒక రాయి అంచు ఆయన వెనక టైరు పక్క గోడని అంగుళం మేర కోసేసింది. స్ట్రిప్పులు నాలుగైదు మిల్లీమీటర్ల కన్నానికి గానీ ఆ కోతకి ఆగవు. సరే, ట్యూబు వేద్దామని కూర్చున్నాం. ముందు వాల్వు తీయాలి. దాని నట్టు ఎవరో పట్టకారుతో బిగించేశారు, వేళ్ళకి రాదు. వేళ్ళతో బిగిస్తే చాలు దానికి, టేపు మీద రబ్బరు ఆనుకుంటే గాలి ఆగిపోతుంది. తోటకి కాపలా ఉన్నాయన మోటారు షెడ్డులోంచి కటింగ్ ప్లయర్ తెచ్చిచ్చాడు, బతికాం.

కోతకి లోపల ఖాళీ టూత్‌పేస్టు ట్యూబు ముక్క అడ్డం పెట్టి, ట్యూబు వేసి, గాలి కొట్టి బయల్దేరాం. తోట దాటకముందే మళ్ళీ దిగిపోయింది. టైరు విప్పి లోపలి గోడ మీద వేలు పోనిచ్చాను, చురుక్కుమంది. పల్లేరు ముళ్ళు. టైరు చుట్టూతా. ఒక్కోదాని చుట్టూ ఆరిన సీలెంటు చిన్న తెల్ల గొడుగులా పట్టి ఉంది. ఇన్ని నెలలూ ఆయనకి పంచర్లు పడుతూనే ఉన్నాయి, సీలెంటు చప్పుడు చేయకుండా మూసేస్తూ వచ్చింది, ముళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ట్యూబు వేసేసరికి అన్నీ కలిసి గుచ్చాయి. జీడిచెట్టు కింద కూర్చుని గోళ్ళతో ఒక్కోటీ లాగుతుంటే ఆయన ఏమీ మాట్లాడలేదు. మిగతావాళ్ళం ఆ ట్యూబుకి ప్యాచులు వేస్తూ, ఎవరి టైరు వాళ్ళం ఒకసారి తడిమి చూసుకున్నాం.

నెలకోసారి టైరు బయటివైపు చూసి, కనబడిన ముల్లు లాగేసి, ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి ఉంచితే సీలెంటు మూసేసుకుంటుంది. ఐదు నిమిషాల పని. ఆయన్ని ఎవరూ చేయమని చెప్పలేదు, అసలు చేయాల్సింది ఒకటుందనే చెప్పలేదు.

ఎవరికి వద్దు

నన్ను దులిపేసిన పెద్దమనిషి ప్రశ్నకి వస్తాను. డబ్బిచ్చాక కూడా నేనెందుకు చేతులు మురికి చేసుకోవాలి? ఆయన తొక్కేది తెల్లారుజామున ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా తారురోడ్డు మీద. వారానికి ఒకసారి కైలాసగిరి రోడ్డు ఎక్కుతారు. అలాంటివాళ్ళకి నా సమాధానం సూటిగా ఇదీ: మీరు చేతులు మురికి చేసుకోనక్కర్లేదు, ట్యూబ్‌లెసూ అక్కర్లేదు. తారు మీద ముళ్ళు తక్కువ, పట్టు కోసం గాలి తగ్గించే అవసరమూ లేదు. సీసా పెంకుల భయముంటే కాస్త మందపాటి టైరు వేసుకోండి. టేపు, వాల్వులు, సీలెంటు కలిపి అయ్యే ఖర్చుతో మంచి ట్యూబులు అరడజను పైనే వస్తాయి. సైకిల్ నెలల తరబడి మూల నిలబడి ఉండేవాళ్ళకీ ఇదే మాట. కదలని చక్రంలో సీలెంటు అంతా కింద ఒక్కచోటే చేరి గడ్డకడుతుంది.

మట్టి దారుల్లో వారం వారం తొక్కేవాళ్ళు, పాడేరు, అరకు వైపు కొండదారులు పట్టుకునేవాళ్ళు మాత్రం తప్పకుండా మారండి. మొదటిసారి తెలిసినవాడిని పక్కన కూర్చోబెట్టుకుని మీరే చేయండి. సంచిలో స్ట్రిప్పులు, వాటిని దూర్చే సూది, ఒక స్పేర్ కోరు, కోరు తిప్పే చిన్న రెంచి, ఒక ట్యూబు, ప్యాచులు, చిన్న పంపు పెట్టుకోండి. వాల్వు నట్టు వేళ్ళతో వస్తుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

షాపులవాళ్ళని అడిగేది కూడా ఒకటుంది. ట్యూబ్‌లెస్ చేసిచ్చిన రోజు, ఏ సీలెంటు ఎంత పోశారు, ఏ తేదీన పోశారు, ఆ మనిషి బరువుకి ముందు వెనక ఎంత గాలి ఉండాలి, మళ్ళీ ఏ నెలలో చూపించుకోవాలి, ఇవి నాలుగూ ఒక స్టిక్కరు మీద రాసి రిమ్ముకి అంటించి పంపండి. మోటార్ సైకిల్ ఆయిల్ మార్చినప్పుడు సర్వీస్ సెంటర్లలో చేసే పనే ఇది. సీలెంటు నింపడానికి మళ్ళీ వచ్చినప్పుడు డబ్బులు తీసుకోండి, ఎవరూ కాదనరు.